ఎన్నింటికి?



మాది కళింగపట్నం. రేడియోలో మా ఊరి పేరు మీరు వినే ఉంటారు. బంగాళాఖాతంలో వాయుగుండం పడితే చాలు, వార్తల్లో మేమే. కళింగపట్నం రేవులో ఫలానా నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారని చెబుతారు. ఆ మాట చెవిన పడగానే పక్కనున్న బందరువానిపేట కుర్రాళ్ళు బోట్లు ఒడ్డు మీదికి లాగేస్తారు. 2021 సెప్టెంబరులో గులాబ్ తుఫాను మాకు దగ్గర్లోనే తీరం దాటింది. అప్పుడు రెండు రోజులు మా ఊరి పేరు మార్మోగిపోయింది. గాలి తగ్గాక మళ్ళీ మా ఊసు ఎవరికీ అక్కర్లేదు. ఇవాళ గాలీ వానా లేకుండానే ఈ ఊరివాడికి ఓ పావుగంట ఇచ్చారు. సంతోషం.

ఈ పావుగంటలో మీకు ఒక ప్రశ్న వినిపిస్తాను. మళ్ళీ మళ్ళీ వినిపిస్తాను. చాలా చిన్న ప్రశ్న. "ఎన్నింటికి?" అంతే.

మూడేళ్ళ కిందటి మాట. చలికాలం. తెల్లవారి అయిదింటికి నేను పాలకి బయల్దేరాను. ఎదురింటి వీధరుగు మీద మా బావ గొంతుక్కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. "ఏటి బావా, మంచులో కూకున్నావు?" అన్నాను. "నిద్దర పట్టలేదురా" అన్నాడు. నేను నా దారిన పోయాను.

ఆరున్నరకి మా అక్క కేక వినిపించింది. పరిగెత్తాను. మా బావ మంచం మీద ఒరిగిపోయి ఉన్నాడు. మూతి ఒక పక్కకి లాగేసింది. కుడిచెయ్యి వేలాడిపోతోంది. ఏదో చెబుతున్నాడు, మాట ముద్దముద్దగా వస్తోంది. 108కి ఫోన్ చేశాం. బండి వచ్చింది. శ్రీకాకుళం దారి పట్టాం.

ఆ దారిని మా వైపు సీఎస్పీ రోడ్డంటారు. ఎస్ అంటే శ్రీకాకుళం, పీ అంటే పార్వతీపురం. సీ అంటే మేమే. తెల్లదొరలు మా ఊరి పేరుని 'సీ' తో రాసేవారు. దొరలు పోయారు, రేవు పోయింది, ఆ అక్షరం మాత్రం రోడ్డుకి అతుక్కుని ఉండిపోయింది. మామూలు రోజుల్లో ముప్పావుగంట దారి. ఆ పొద్దున్న నాకు ముప్పై ఏళ్ళ దారిలా ఉంది.

ఆసుపత్రిలో స్ట్రెచర్ దించారు. ఒక చిన్న డాక్టరమ్మ వచ్చింది. మా అమ్మాయి వయసు ఉంటుందేమో. మా బావ కళ్ళలోకి టార్చి వేసింది, చెయ్యి ఎత్తమంది, వేలు గుచ్చి షుగరు చూసింది. నా వైపు తిరిగి అడిగింది. "ఎన్నింటికి?"

"ఆరున్నరకమ్మా" అన్నాను.

"ఆరున్నరకి మీరు ఇలా చూశారు. అంతకుముందు బాగా ఉండగా చివరిసారి ఎవరు చూశారు? ఎన్నింటికి?"

నాకు ఒళ్ళు మండిపోయింది. ముప్పై నాలుగేళ్ళు బడిలో పాఠాలు చెప్పిన గొంతు నాది. "మనిషి అలా పడుంటే టైములు అడుగుతారేటమ్మా! ముందు మందు వెయ్యండి!" అని అరిచాను. క్యాజువాల్టీ అంతా తిరిగి చూసింది. ఆ పిల్ల మాత్రం గొంతు పెంచలేదు. మూడోసారి అదే ప్రశ్న. "బాగా ఉండగా ఎన్నింటికి చూశారు?"

మా అక్క ఏడుస్తూనే అంది, "అయిదింటికి నువ్వే కదరా మాటాడేవు, సుట్ట కాలుస్తుంటే!"

డాక్టరమ్మ వెంటనే నన్ను పట్టుకుంది. "చుట్ట ఏ చేత్తో పట్టుకున్నారు?"

ఈ పిల్లకి మతిపోయిందేమో అనుకున్నాను. "కుడిచేత్తోనే" అన్నాను. "మాట తేడాగా ఉందా?" "లేదు. నిద్దర పట్టలేదన్నాడు. శుభ్రంగానే అన్నాడు."

"చాలు" అంది. కాగితం మీద అయిదు గంటలు అని రాసింది. స్ట్రెచర్ స్కానింగు గది వైపు కదిలిపోయింది.

ఆ ప్రశ్న విలువేమిటో నాకు తర్వాత తెలిసింది. మెదడులో రక్తనాళానికి గడ్డ అడ్డుపడితే పక్షవాతం వస్తుంది. నాళం చిట్లి రక్తం కారినా పక్షవాతమే. పైకి రెండూ ఒకేలా ఉంటాయి. స్కాన్ తీస్తే గానీ ఏది ఏదో తెలియదు. గడ్డ అయితే దాన్ని కరిగించే ఇంజక్షను ఉంది. దాన్ని నాలుగున్నర గంటల లోపు ఇవ్వాలి. ఆ గడువు మనం చూసిన వేళ నుంచి మొదలు కాదు, మనిషి చివరిసారిగా బాగా ఉన్న వేళ నుంచి మొదలవుతుంది. రాత్రి పదింటికి పడుకుని పొద్దున్న మూతి వంకరతో లేస్తే, లెక్క రాత్రి పదింటి నుంచే. అప్పటికి గడువు దాటిపోయినట్టే. మా బావకి నిద్ర పట్టకపోవడం, ఆ మంచులో చుట్ట వెలిగించడం, నేను పాలకి వెళ్ళడం, ఈ మూడూ కలిసి ఆయనకి ఆ అయిదు గంటల వేళని సంపాదించిపెట్టాయి.

మరోసారి చెబుతాను, గుర్తుంచుకోండి. మూతి వంకర పోయిందా, చెయ్యి పడిపోయిందా, మాట ముద్దయిందా. ఇందులో ఏ ఒక్కటి కనిపించినా ముందు గడియారం చూడండి, వెంటనే 108కి ఫోన్ చెయ్యండి. పసరు వైద్యానికి తీసుకెళితే ఆ నాలుగున్నర గంటలు దారిలోనే కరిగిపోతాయి.

మా బావ ఇప్పుడు నడుస్తున్నాడు. కుడికాలు కొంచెం ఈడుస్తాడు. చుట్ట మానేశాడు. మానేశానని చెబుతాడు.

రెండు నెలల తర్వాత ఒక పని మీద శ్రీకాకుళం వెళ్ళి, పలాస జీడిపప్పు పొట్లం ఒకటి కొని, ఆ డాక్టరమ్మకి క్షమాపణ చెప్పుకుందామని ఆసుపత్రికి పోయాను. ఆవిడకి నేను గుర్తు లేను. నా అరుపు కూడా గుర్తు లేదు. "ఏ రోజండీ? ఎన్నింటికి?" అంది. ఇద్దరం నవ్వాం. చుట్ట సంగతి చెబితే అప్పుడు గుర్తొచ్చింది. గుర్తొచ్చి, ఒక్క క్షణం ఆగి అడిగింది, "ఆయన ఉన్నారా మాస్టారూ?"

చూడండి. మా బావ ప్రాణం నిలబెట్టిన మనిషికి, మా బావ బతికున్నాడో లేదో తెలియదు.

ఆ మాట నన్ను పట్టుకుంది. ఆ తర్వాత మరి నాలుగైదు సార్లు వెళ్ళాను. ఆవిడతో మాట్లాడాను, అక్కడి నర్సమ్మలతో మాట్లాడాను. మా ఊరివైపు 108 కుర్రాడితోనూ, బండి నడిపే ఆయనతోనూ మాట్లాడాను. పేర్లు చెప్పను. వాళ్ళే వద్దన్నారు.

మా తరానికి క్యాజువాల్టీ అంటే ఆసుపత్రి గుమ్మం పక్క గది. ఆ రోజు డ్యూటీ ఎవరికి పడితే వాళ్ళు ఉండేవారు. ఈ పూట కంటి డాక్టరు, రేపు ఎముకల డాక్టరు. అది ఎవరి ఇల్లూ కాదు, అందరికీ సత్రం. లోకమంతటా అలాగే ఉండేది. 1961లో అమెరికాలో అలెగ్జాండ్రియా అనే ఊళ్ళో జేమ్స్ మిల్స్ అనే డాక్టరు సొంత ప్రాక్టీసు వదిలేసి, మరికొందరిని కూడగట్టుకుని, ఇకపై రాత్రింబవళ్ళూ ఎమర్జెన్సీ గదిలోనే పనిచేస్తామన్నాడు. తోటి డాక్టర్లకి అది వింతగానే తోచి ఉంటుంది. మన దేశంలో భారత వైద్య మండలి ఎమర్జెన్సీ మెడిసిన్‌ని విడి స్పెషాలిటీగా గుర్తించింది 2009లో. అంటే ఈ చదువు మన దగ్గర ఇంకా ఇరవై ఏళ్ళు నిండని కుర్రది.

అందుకే చుట్టాలకి ఇది అర్థం కాదు. డాక్టరమ్మ నవ్వుతూ చెప్పింది. "ఎండీ చేశానంటే అందరూ సంతోషిస్తారు మాస్టారూ. ఎందులో అంటారు. ఎమర్జెన్సీ అంటాను. అది సరేనమ్మా, స్పెషలైజేషను ఎప్పుడు చేస్తావు అంటారు!" పెళ్ళి సంబంధాల వాళ్ళు ఇంకో ప్రశ్న వేస్తారట. నర్సింగు హోము ఎప్పుడు పెడుతుందని. ఎమర్జెన్సీ డాక్టరు బోర్డు కట్టి ఎక్కడ కూర్చుంటుంది? ఆవిడ పేషెంట్లు పొద్దున్నే టోకెను తీసుకుని వచ్చేవాళ్ళు కాదు.

"మరి ఇందులోకి ఎందుకొచ్చావమ్మా?" అన్నాను. కట్లపాము కథ చెప్పింది.

హౌస్ సర్జనుగా ఉన్నప్పుడట. అర్ధరాత్రి దాటాక ఒక తల్లి పదేళ్ళ పిల్లాణ్ణి తీసుకొచ్చింది. కడుపునొప్పి అంది. అంతే. పొట్ట మెత్తగా ఉంది, జ్వరం లేదు. ఏదో తినుంటాడు అనుకున్నారు. అక్కడున్న సీనియర్ డాక్టరు పిల్లాడి పొట్ట కాదు, మొహం చూశారు. కనురెప్పలు వాలుతున్నాయి. నిద్ర వల్ల అని తల్లి అంది. ఆయన అడిగారు, "ఎక్కడ పడుకున్నాడు?" "కింద, చాప మీద బాబూ."

కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది. నేల మీద పడుకున్నవాళ్ళని కరుస్తుంది. గాటు దోమ కుట్టినంత కూడా కనబడకపోవచ్చు. వాపు రాదు, మంట పుట్టదు. కడుపునొప్పి వస్తుంది, రెప్పలు వాలతాయి, మింగుడు పడదు, చివరికి ఊపిరి తీసే కండరాలు ఆగిపోతాయి. ఆ రాత్రి పాముని ఎవరూ చూడలేదు. రెప్పల్ని చూశారు. విరుగుడు మందు ఎక్కించారు, గొంతులో గొట్టం వేసి ఊపిరి పోశారు. "ఆ రోజే అనుకున్నాను మాస్టారూ, నేనూ ఇలా చూడడం నేర్చుకోవాలని" అంది.

రక్తపింజర సంగతి వేరు. దాని విషం రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. దాన్ని పట్టుకునే పరీక్షకి పెద్ద యంత్రం అక్కర్లేదు. శుభ్రమైన, పొడిగా ఉన్న చిన్న గాజు గొట్టంలో రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి, కదపకుండా ఇరవై నిమిషాలు ఉంచుతారు. తర్వాత గొట్టాన్ని నెమ్మదిగా వంచుతారు. రక్తం గడ్డకట్టి ఉంటే సరే. నీళ్ళలా జారిందంటే విషం ఎక్కినట్టే. నేను వెళ్ళిన ఒక సాయంత్రం ఒక రైతుకి ఆ పరీక్ష చేస్తున్నారు. బల్ల మీద ఆ చిన్న గొట్టం నిలబడి ఉంది. నర్సమ్మ దాని పక్కనే టైము రాసిపెట్టింది. రైతు భార్య ఆ గొట్టం వంక రెప్ప వెయ్యకుండా చూస్తోంది. ఇరవై నిమిషాలు ఎంత పొడుగో ఆ ఇల్లాలిని చూస్తే తెలిసింది. కరిచింది ఎన్నింటికి? కట్టు కట్టింది ఎన్నింటికి? అక్కడా అదే ప్రశ్న. అన్నట్టు, బిగించి కట్టు కట్టకండి, గాటు కొయ్యకండి, నోటితో పీల్చకండి. కరిచిన కాలో చెయ్యో కదపకుండా ఆసుపత్రికి తీసుకురండి.

డాక్టరమ్మ ఇంకో మాట చెప్పింది. మా జిల్లాలో గుండెపోటుకి ముద్దుపేరు గ్యాసు. "గ్యాసే తల్లీ, రాతిరి రొయ్యల కూర తిన్నాను" అంటూ చెమటలు కక్కుకుంటూ వస్తారు. సోడా తాగి, జీలకర్ర నమిలి, మూడు గంటలు పోయాక వస్తారు. గుండెనాళంలో గడ్డని కరిగించే ఇంజక్షను చాలా ఖరీదైనది. ఇప్పుడు మన ప్రభుత్వ ఏరియా ఆసుపత్రుల్లో ఉచితంగా ఇస్తున్నారు. మందు దగ్గరికొచ్చింది, మనిషే ఆలస్యంగా వస్తున్నాడు. ఛాతీ బరువెక్కి, చెమటలు పట్టి, నొప్పి దవడకో ఎడమచేతికో పాకితే, అది గ్యాసో కాదో ఈసీజీ చెబుతుంది. మీరు చెప్పకండి.

108 కుర్రాడి దగ్గరికి వస్తాను. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 మొదలైనప్పుడు అతను బడిలో ఉన్నాడు. మత్స్యకారుల ఇంటి పిల్లాడు. తోటివాళ్ళు వేటకని గుజరాత్ వీరావల్ వలస పోయారు. ఇతను బీఎస్సీ చదివి, శిక్షణ తీసుకుని ఈ ఉద్యోగంలో చేరాడు. వాళ్ళ భాషలో ఇతను ఈఎంటీ, అంటే ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియను. బండి నడిపే ఆయన డ్రైవరు కాదు, పైలట్. నేను ఒకసారి డ్రైవరు గారూ అన్నాను. "పైలటండీ" అని సరిదిద్దాడు. పేరులో ఏముంది అంటారు గానీ, ఉంది.

అతని మొదటి కాన్పు సంగతి చెప్పాడు. చేయించిన కాన్పు లెండి. వాన రాత్రి. గార దాటాక నొప్పులు ముదిరాయి. అత్తగారు "ఆపకండి బాబూ, ఆసుపత్రికే పోనీండి" అంటోంది. బిడ్డ తల కనబడుతోంది. ఇక పరిగెత్తే బండిలో కుదరదు. "అన్నా, పక్కకి తీసి ఆపు" అన్నాడు. పైలట్ బండి పక్కకి తీశాడు. ఏసీ ఆపేశాడు, పసిబిడ్డకి చలి తగలకూడదు కదా. తను దిగి వానలో నిలబడ్డాడు. బిడ్డ పుట్టింది. ఏడవలేదు. ఇతను పొడి గుడ్డతో వీపు తుడుస్తున్నాడు, తుడుస్తున్నాడు. "నాకు తెలిసిన దేవుళ్ళంతా అయిపోయారు మాస్టారూ" అన్నాడు. అప్పుడు ఏడ్చింది. తల్లి గుండెల మీద పెట్టి కప్పాడు. బొడ్డుతాడు కొట్టుకోవడం ఆగాక రెండుచోట్ల క్లిప్పులు పెట్టి మధ్యలో కోశాడు. పుట్టిన వేళ రాయాలి కదా. గడియారం చూడడం మరిచిపోయాడు. బయట వానలో నిలబడ్డ పైలట్ చెప్పాడు, "రెండూ పదిహేడు, తమ్ముడూ." బిడ్డ ఏడుపు వినిపించగానే ఆయన టైము చూసుకున్నాడు!

ఎన్నింటికి అన్న ప్రశ్నకి అంత అందమైన జవాబు నేను వినలేదు.

అన్నీ అలా ఉండవు. 2023 అక్టోబరు 29 రాత్రి మన విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర పలాస పాసింజరుని వెనక నుంచి రాయగడ పాసింజరు గుద్దింది. 14 మంది పోయారు. చీకటి, నుజ్జయిన పెట్టెలు, అరుపులు. అలాంటి చోట ముందు ఎవరి దగ్గరికి వెళ్ళాలి? మీరైనా నేనైనా గట్టిగా అరుస్తున్నవాడి దగ్గరికే పరిగెడతాం. వీళ్ళకి నేర్పేది వేరు. అరిచేవాడికి ఊపిరి ఉంది, తెలివి ఉంది. ముందు చూడాల్సింది మాట్లాడకుండా పడి ఉన్నవాణ్ణి. మళ్ళీ చెబుతున్నాను, అరుస్తున్నవాడు ఆగగలడు, నిశ్శబ్దంగా ఉన్నవాడు ఆగలేడు. వినడానికి తేలిక. కాళ్ళు పట్టుకుని బతిమాలుతున్న మనిషిని దాటి వెళ్ళడం ఎంత కష్టమో, దాటినవాళ్ళకి తెలుసు.

మా తీరం గురించీ ఒక మాట చెప్పమన్నాడు ఆ కుర్రాడు. వంశధార సముద్రంలో కలిసేచోట స్నానాలకు దిగి ఏటా ఎవరో ఒకరు మునుగుతారు. పైకి తీసినవాణ్ణి తలకిందులు చేసి గిరగిరా తిప్పుతారు, పొట్ట మీద నొక్కుతారు. ఆ పని వద్దు. వెల్లకిలా పడుకోబెట్టి, ఊపిరి ఆడకపోతే ముక్కు మూసి, నోట్లోకి ఊపిరి ఊదండి. తర్వాత ఛాతీ నడుమ గట్టిగా, వేగంగా నొక్కండి, నిమిషానికి నూరుకి తగ్గకుండా. బండి వచ్చేదాకా ఆపకండి. రోడ్డు మీద పడ్డవాణ్ణి ఆసుపత్రికి చేర్చితే పోలీసులు మనల్నే తిప్పుతారన్న భయమూ అక్కర్లేదు. అలా సాయం చేసినవాళ్ళకి రక్షణ ఇస్తూ 2019లో మోటారు వాహనాల చట్టాన్నే సవరించారు.

చివరికి, అడగలేక అడిగిన ప్రశ్న ఒకటుంది. మనిషి పోయాడని ఇంటివాళ్ళకి ఎలా చెబుతారు?

డాక్టరమ్మ కాసేపు మాట్లాడలేదు. మొదట్లో ఆవిడ "మేం చేయగలిగిందంతా చేశాం" అనేదట. ఒకసారి ఒక పెద్దాయన అంతా విని, చేతులు జోడించి, "అయితే విశాఖ కేజీహెచ్‌కి తీసుకుపొమ్మంటారా అమ్మా?" అన్నాడట. ఆయన కొడుకు అప్పటికే లేడు. ఆవిడ మాటలో ఆ సంగతి ఎక్కడా లేదు. అప్పటి నుంచి ఆవిడ కూర్చుంటుంది, వాళ్ళనీ కూర్చోబెడుతుంది, చనిపోయారు అన్న మాటనే వాడుతుంది. ఇక ఆశకి సందు ఉండకూడదు. ఆ మాట తర్వాత కొందరు ఏడుస్తారు. కొందరు చెయ్యి ఎత్తుతారు. ఆసుపత్రి సిబ్బందిపై దాడుల్ని ఆపడానికి మన రాష్ట్రంలో 2008లోనే చట్టం వచ్చింది. చట్టం సంగతి ఆ క్షణంలో ఎవరికి గుర్తుంటుంది? నేను మాత్రం చెయ్యి ఎత్తినంత పని చెయ్యలేదా? గొంతు ఎత్తాను. అదీ తక్కువ తప్పు కాదు.

"నలభై అయిదేళ్ళొచ్చాక కూడా ఈ నైట్ డ్యూటీలు చేయగలనా అని భయమేస్తుంది" అంది ఆవిడ. నేను జవాబు చెప్పలేదు. నా దగ్గర లేదు.

ఆపరేషన్ చేసిన డాక్టరుగారికి పండక్కి స్వీటు పాకెట్టు వెళుతుంది. కాన్పు చేసినావిడ పేరు పిల్లకి పెట్టుకుంటారు. మొదటి గంటలో మనల్ని పట్టుకుని నిలబెట్టినవాళ్ళు మనకి గుర్తుండరు. మనం అప్పుడు తెలివిలో ఉండం. వాళ్ళకీ మన కథ సగం దాకానే తెలుసు. స్ట్రెచర్ తలుపు దాటాక ఏమైందో చెప్పేవాళ్ళు లేరు.

మొన్న మా బావని వెంటబెట్టుకుని వెళ్ళాను. కాలు ఈడ్చుకుంటూ క్యాజువాల్టీ గుమ్మం దాకా వచ్చాడు. డాక్టరమ్మ బయటికి వచ్చింది. మా బావ ఏమీ మాట్లాడలేదు. కుడిచెయ్యి నెమ్మదిగా ఎత్తి, చుట్ట పట్టుకున్నట్టు రెండు వేళ్ళు చూపించాడు.

శ్రోతలారా, మిమ్మల్నో, మీ ఇంట్లో ఎవరినో ఏదో ఒక రాత్రి 108లో తీసుకెళ్ళి ఉంటారు. బతికి బట్టకట్టి ఇవాళ ఈ రేడియో వింటూ ఉంటే, ఒక్కసారి అటు వెళ్ళి కనిపించి రండి. పేరు గుర్తు లేకపోయినా ఫరవాలేదు. ఏ రోజో, ఎన్నింటికో చెప్పండి, వాళ్ళే గుర్తుపడతారు. రాత్రి ఎనిమిది దాటాక వెళితే నైట్ డ్యూటీ వాళ్ళు ఉంటారు. లోపల రద్దీగా ఉంటే గుమ్మం దగ్గరే కాసేపు ఆగండి.